సైన్సు బ్లాకు ఎవరి కోసం?

ఏ కాలేజీ వార్షిక సంచిక తీసుకున్నా అట్టమీద ముందుగా కనిపించేది ఆ కాలేజీ మెయిన్ బిల్డింగు. పెద్ద పెద్ద స్తంభాలు, పైన గుమ్మటమో గడియారమో, ముందు నాలుగు చెట్లు, మెట్లమీద వరసగా నిలబడ్డ కార్యవర్గం. సైన్సు బ్లాకు బొమ్మ అట్టమీద వేసిన సంచిక నేనింతవరకూ చూడలేదు. సైకిల్ స్టాండు దాటాక ఎక్కడో వెనక, కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేసే ఆ కట్టడాన్ని ఎవరు ఫోటో తీస్తారు? కాని సైన్సు విద్యార్థి చదువులో సగం అందులోనే గడుస్తుంది. పరిశోధన చేసేవాళ్ళకూ, పాఠం చెప్పేవాళ్ళకూ, ఆసిడ్ సీసాలు మోసే అటెండర్లకూ జీవితంలో సగం అందులోనే గడుస్తుంది. అటువంటి కట్టడం ఎలా ఉండాలన్న ప్రశ్న మనలో ఎవరూ వేసుకోరు. కట్టింది కట్టినట్టు తీసుకుని, దానికి అలవాటు పడిపోతాం.

భవనాల గురించి మాట్లాడే హక్కు ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ మాత్రమే ఉందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. వంటలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పవలసింది తిన్నవాడు. ఈ మాట చెప్పడానికి నేనొక కట్టడం కథ ఎంచుకున్నాను. అది మన దేశంలోది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉంది. దాని పేరు రిచర్డ్స్ మెడికల్ రీసెర్చ్ లాబొరేటరీస్. ఇరవయ్యో శతాబ్దం నడిమి రోజుల్లో కట్టిన సైన్సు భవనాలలో ఇంత పేరు పొందినది మరొకటి అరుదు. అందులో పనిచేసినవాళ్ళు అన్ని తిట్లు తిట్టిన భవనం కూడా అరుదే. ఈ రెండు మాటలూ నిజమే కావడంలోనే మనం నేర్చుకోవలసిన పాఠమంతా ఉంది.

ముందుగా ఒక్క సంగతి. తరగతి గది కట్టడం తేలిక. నాలుగు గోడలు, ఒక నల్లబల్ల, ఎడమవైపు నుంచి వెలుతురు ఉంటే చాలు, పాఠం సాగిపోతుంది. ప్రయోగశాల సంగతి అట్లా కాదు. మంచినీళ్ళు లోపలికి రావాలి, ఆసిడ్ కలిసిన మురికినీళ్ళు బయటికి పోవాలి. గ్యాసు కావాలి, కరెంటు కావాలి. పరిశోధనశాల అయితే వాక్యూమ్ గొట్టం, ఒత్తిడి గాలి, డిస్టిల్డ్ వాటరు కూడా ప్రతి బల్ల దగ్గరికీ రావాలి. ఫ్యూమ్ కప్‌బోర్డులోంచి బయటికి పోయిన విషపుగాలి పక్కగది కిటికీలోంచి మళ్ళీ లోపలికి రాకూడదు. ఈ గొట్టాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు కారతాయి, పూడిపోతాయి, మార్చవలసివస్తుంది. పైగా పదేళ్ళు తిరిగేసరికి పరికరాలే మారిపోతాయి. అంటే సైన్సు భవనంలో సగం మనుషుల కోసమైతే, మిగతా సగం గొట్టాల కోసం. ఈ రెండో సగాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చిక్కు.

రెండో ప్రపంచయుద్ధం 1945లో ముగిశాక సైన్సుకి ఎక్కడలేని ప్రతిష్ఠా వచ్చింది. పెన్సిలిన్, రాడార్, అణుశక్తి — ఇవన్నీ లాబొరేటరీల్లోంచి వచ్చినవే కదా. అమెరికాలో ప్రభుత్వం పరిశోధనలకు ధారాళంగా డబ్బిచ్చింది. 1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేశాక ఆ వేగం ఇంకా పెరిగింది. విశ్వవిద్యాలయాలు ఆదరాబాదరాగా సైన్సు భవనాలు లేపడం మొదలుపెట్టాయి. మధ్యలో పొడుగాటి నడవా, దానికి రెండువైపులా గదులు, గొట్టాలన్నీ కప్పుకింద దాచేసిన దొంగకప్పు, బయట వరసగా కిటికీలు. అగ్గిపెట్టె నిలబెట్టినట్టు ఉండే ఆ భవనాల్లో పని జరిగిపోయేది. వాటిని చూసి ముచ్చటపడ్డవాడు మాత్రం ఎవడూ లేడు.

సరిగ్గా ఆ 1957లోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తన కొత్త వైద్య పరిశోధన భవనాన్ని కట్టే పని లూయీ కాన్ అనే ఆర్కిటెక్టుకు అప్పగించింది. కాన్ 1901లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఎస్టోనియాలో పుట్టాడు. బీద యూదు కుటుంబం. చిన్నతనంలోనే ఫిలడెల్ఫియా చేరి, 1924లో ఈ విశ్వవిద్యాలయంలోనే పట్టం పుచ్చుకున్నాడు. అంటే పూర్వవిద్యార్థి అన్నమాట! ఏభై ఏళ్ళు దాటేదాకా చెప్పుకోదగ్గ పేరు రాని మనిషి. ఆ భవనానికి పేరిచ్చిన ఆల్‌ఫ్రెడ్ న్యూటన్ రిచర్డ్స్ కూడా తక్కువవాడు కాదు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తాయో పరిశోధించిన ఫార్మకాలజిస్టు. యుద్ధకాలంలో అమెరికా వైద్య పరిశోధన సంఘానికి పెద్దగా ఉండి, పెన్సిలిన్ పెద్ద ఎత్తున తయారుకావడానికి తోడ్పడ్డవాడు.

కాన్ చేసిన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. భవనంలో చోట్లు రెండు రకాలన్నాడాయన: సేవ పొందే చోట్లు, సేవ చేసే చోట్లు. మనుషులు కూర్చుని పనిచేసే గదులు మొదటి రకం. మెట్లు, లిఫ్టులు, గాలిగొట్టాలు, పైపులు రెండో రకం. ఇది మనకు కొత్తేమీ కాదు. మన పాత మండువా ఇళ్ళల్లో సావిడి ఒకవైపు, వంటిల్లూ నుయ్యీ పెరడూ మరొకవైపు విడివిడిగా ఉండేవి కదా. కాన్ గొప్పదనమంతా ఆ రెండో రకాన్ని దాచిపెట్టకుండా నలుగురిలో నిలబెట్టడంలో ఉంది. లాబొరేటరీల కోసం మూడు బురుజులు కట్టి, నాలుగోదాన్ని మధ్యలో పెట్టి, లిఫ్టులూ యంత్రాలూ జంతువుల గదులూ వగైరా అంతా అందులో సర్దాడు. లాబొరేటరీ బురుజుల పక్కల్ని ఆనుకుని, కిటికీ అన్నది లేకుండా, ఎర్ర ఇటుకతో నిలువుగా గూళ్ళు లేపాడు. కొన్నింట్లో మెట్లు, కొన్నింట్లో చెడ్డగాలి పైకిపోయే దారులు. అవి భవనం కప్పు దాటి ఇంకా పైకి లేచి ఉంటాయి. దూరంనుంచి చూస్తే ఇటలీలో సాన్ జిమిన్యానో అనే పాతకాలపు ఊరి బురుజులు గుర్తొస్తాయని చాలామంది రాశారు. చూడ్డానికి కోటలాగా ఉన్నా, ఉన్న కారణం మాత్రం గాలి. మధ్య బురుజు వెనకవైపు నేలకు దగ్గరగా మంచిగాలిని లోపలికి పీల్చుకోవడం, పాడైన గాలిని దూరంగా, కప్పుపైన వదిలేయడం. రెండూ కలిసే ప్రసక్తే లేదు. మన కెమిస్ట్రీ లేబులో క్లోరిన్ వాసనకు దగ్గినవాళ్ళెవరికైనా ఈ ఆలోచన విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక నిర్మాణం. ఆగస్ట్ కొమెండెంట్ అనే ఇంజనీరు దీన్ని సాధించాడు. ఆయనా ఎస్టోనియావాడే. ఒక్కో లాబొరేటరీ అంతస్తూ 45 అడుగుల చదరం. దానికి స్తంభాలు 8; ఒక్కో పక్కకు రెండేసి. మూలల్లో స్తంభాలే లేవు! మూలలు గాలిలోకి చాచుకుని ఉంటాయి, అక్కడ గోడకు బదులు గాజు. దూలాలు కూడా మూలకు పోయేకొద్దీ మెట్టు మెట్టుగా సన్నబడతాయి. బరువు ఎక్కడెంతుందో కంటితో చదువుకోవచ్చు. దూలాలూ స్తంభాలూ అన్నీ ముందే ఫ్యాక్టరీలో పోతపోసి, తెచ్చి, క్రేనుతో ఎత్తి, పిల్లలు చెక్కబొమ్మలు పేర్చినట్టు పేర్చి, ఉక్కు తీగలతో బిగించారు. దూలాలు గట్టిగా మూసుకుపోయి ఉండవు, మధ్యమధ్య కిటికీల్లాంటి ఖాళీలుంటాయి. ఆ ఖాళీల్లోంచి పైపులు ఎటు కావాలంటే అటు పోవచ్చు. 1960 నాటికి ఈ భాగం పూర్తయింది. దానికి ఆనుకుని జీవశాస్త్రం కోసం కట్టిన గాడర్డ్ భవనం 1965కి పూర్తయింది. 1961లోనే న్యూయార్కులోని మ్యూజియమ్ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఈ ఒక్క భవనం మీదే ఒక ప్రదర్శన పెట్టింది. సైన్సు బ్లాకుకి మ్యూజియంలో ప్రదర్శన! అరవై ఏళ్ళ వయసులో లూయీ కాన్ పేరు లోకమంతా మారుమోగిపోయింది.

ఇంతవరకూ మెప్పు. ఇక లోపల ఉన్నవాళ్ళ మాట వినండి.

మూలల్లో గాజు పెట్టారన్నాను కదా. ఆ గాజుమీద పడే ఎండను ఆపేందుకు బయట ఏ అడ్డూ లేదు. తూర్పు ఎండ, పడమటెండ నేరుగా బల్లలమీద పడేది. సూక్ష్మదర్శినిలో చూస్తున్న మనిషి కళ్ళు జిగేల్మంటే ఏం చూస్తాడు? వేడికి పాడైపోయే ద్రావణాలు బల్లమీద పెట్టుకున్నవాడి గతేమిటి? శాస్త్రజ్ఞులు ఏంచేశారో తెలుసా, అల్యూమినియం రేకు కాగితాలు తెచ్చి గాజుకి అతికించారు. మామూలు కాగితాలు అంటించారు. బీరువాలు అడ్డం పెట్టారు. లోకం మెచ్చుకున్న ఆ గాజు మూలలు లోపలినుంచి చూస్తే రేకు కాగితాల తడికలన్నమాట. ఖర్చు తగ్గించాలని మొదటి ప్లానులోంచి కొన్ని తీసేయడం కూడా ఇందుకు కొంత కారణమే. కాని కారణం ఏదైతేనేం, కళ్ళు నొప్పి పెట్టింది పనిచేసేవాడికి.

రెండోది గోడల తగాదా. శాస్త్రజ్ఞుడూ చిత్రకారుడూ ఒకలాంటివాళ్ళే, ఇద్దరికీ విశాలమైన స్టూడియో లాంటి గది ఉంటే బాగుంటుందని కాన్ ఊహ. అందుకని అంతస్తు మొత్తం ఒకే గదిగా వదిలాడు. శాస్త్రజ్ఞులకు కావలసింది వేరు. ఎవరి పరికరాలు వాళ్ళకు, ఎవరి తలుపు వాళ్ళకు, ఎవరి తాళం వాళ్ళకు కావాలి. వచ్చీ రాగానే అడ్డగోడలు పెట్టించుకున్నారు. 45 అడుగుల గదిలో నాలుగు అడ్డాలు పెడితే ఏం మిగులుతుంది? లోపల నడవా లేదాయె. ఒకరి లేబులోకి పోవాలంటే మరొకరి లేబు తొక్కుకుంటూ పోవలసివచ్చింది.

మూడోది దుమ్ము. పైపులు దాచకూడదన్నది కాన్ సిద్ధాంతం గనక కప్పుకింద గొట్టాలు కనిపిస్తూ వేలాడేవి. వాటిమీద దుమ్ము పేరుకోకుండా ఉంటుందా? ఒక్క ధూళికణం పడితే నెలల తరబడి పెంచిన కల్చరు పాడైపోతుంది. అందుకని చాలా గదుల్లో దొంగకప్పులు వేయించారు. ఏ దొంగకప్పును కాదనుకుని ఈ భవనం కట్టారో అదే తిరిగి వచ్చి కూర్చుంది!

ఇప్పుడు ఈ భవనాన్ని గొప్పదనాలా, చెత్తదనాలా?

కళాభిమానులు ఒక జవాబు చెపుతారు: 'మహాకవి కావ్యంలో ఒకటి రెండు వ్యాకరణ దోషాలుంటే ఏమైందండీ? కళ్ళకు కాస్త ఎండ తగిలితే సర్దుకోవాలి' అని. ఇది నాకు నచ్చదు. కావ్యం నచ్చకపోతే పుస్తకం మూసి పక్కన పెట్టేస్తాం. భవనాన్ని మూసి పక్కన పెట్టే వీలు జీతానికి పనిచేసేవాడికి లేదు, మార్కులకోసం ప్రాక్టికల్స్ చేసే విద్యార్థికి అసలే లేదు. భవనం మీద వచ్చిన కీర్తి ఒకరికి పోయి, దాని బాధ మరొకరికి మిగిలితే ఆ పంపకం అన్యాయం.

లెక్కలవాళ్ళు ఇంకో జవాబు చెపుతారు: 'చూశారా, ఈ ఆర్కిటెక్టుల్ని నమ్ముకుంటే ఇంతే. అగ్గిపెట్టె కట్టెయ్యండి, చదరపు అడుగు చవకలో వస్తుంది' అని. ఇదీ నాకు నచ్చదు. అగ్గిపెట్టె భవనాల్లో ఆ విషపుగాలి చిక్కు తీరలేదు. గొట్టాలు కనపడకుండా దాచేశారు, అంతే. చెడ్డగాలికీ మంచిగాలికీ వేరు వేరు దారులుండాలన్న కాన్ ఆలోచన తప్పు కాదు. స్తంభాలు అడ్డం లేని గది కావాలన్నదీ తప్పు కాదు. లోటు ఒక్కచోటే: ఆ బల్లదగ్గర నిలబడబోయే మనిషిని కాన్ ఊహించుకున్నంతగా, అడిగి తెలుసుకోలేదు.

ఇది నా కల్పన కాదనడానికి ఆ తర్వాత జరిగిందే సాక్ష్యం. పోలియో టీకా కనిపెట్టిన జోనాస్ సాల్క్ 1959లో కాన్‌ను కలుసుకున్నాడు. కాలిఫోర్నియాలో, పసిఫిక్ సముద్రం ఒడ్డున లా హోయాలో తాను పెట్టబోయే పరిశోధన సంస్థకు భవనం కట్టమన్నాడు. సాల్క్ వట్టి డబ్బు కట్టే ఆసామీ కాదు, తనే బల్లదగ్గర నిలబడి చేసిన మనిషి. ప్రతిదానికీ ప్రశ్న వేశాడు. డ్రాయింగులు చాలా దూరం వచ్చాక 1962లో, ఈ ప్లాను వద్దు, మళ్ళీ వెయ్యండన్నాడు. మరో ఆర్కిటెక్టయితే అలిగి వెళ్ళిపోయేవాడు. కాన్ మళ్ళీ మొదలుపెట్టాడు.

1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రిచర్డ్స్ భవనం తాలూకు ప్రతి ఫిర్యాదుకూ ఒక జవాబు కనిపిస్తుంది. లాబొరేటరీ ఒక్కొక్కటీ దాదాపు 65 అడుగుల వెడల్పు, 245 అడుగుల పొడవు. మధ్యలో స్తంభమన్నదే లేదు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు అమర్చుకోవచ్చు. ఆ లాబొరేటరీ పైన, మనిషి నిలబడి నడవగల ఎత్తులో, గొట్టాలకోసమే ఒక పూర్తి అంతస్తు. పైపు కారితే ప్లంబరు ఆ అంతస్తులోకి పోయి బాగుచేసుకుంటాడు. కింద ప్రయోగం ఆగదు, బల్లమీద దుమ్ము పడదు. ఒంటరిగా కూర్చుని ఆలోచించుకోవడానికి వేరే చిన్న చిన్న గదులు, టేకు చెక్క కిటికీలతో, సముద్రంకేసి తిరిగి ఉంటాయి. లేబులోంచి ఒక చిన్న వంతెన దాటి అక్కడికి పోవాలి. సేవ పొందే చోట్లు, సేవ చేసే చోట్లు అన్న పాత ఆలోచన అలాగే ఉంది. వచ్చి చేరిందల్లా వాడేవాడి మాట. ఆ మాట చేరాక అందం తగ్గిందా? లేదు సరికదా, ప్రపంచంలో అందమైన కట్టడాల్లో ఒకటిగా ఇవాళ దాన్ని లెక్కిస్తున్నారు.

ఇంకొక్క ఉదాహరణ ఇచ్చి ముందుకు పోతాను. ఇంగ్లండులో లెస్టర్ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ భవనాన్ని జేమ్స్ స్టెర్లింగ్, జేమ్స్ గోవన్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు 1963 నాటికి కట్టారు. హైడ్రాలిక్స్ లేబుకు 100 అడుగుల ఎత్తునుంచి నీటి ఒత్తిడి కావాలని అక్కడి అధ్యాపకులు అడిగారు. అందుకని ఒక టవరు కట్టి దాని నెత్తిమీద నీళ్ళ ట్యాంకు పెట్టారు. ఆ భవనానికి పేరు తెచ్చిన రూపం ఆ ట్యాంకు వల్ల వచ్చిందే. వర్కుషాపుకు ఎండ తగలని ఉత్తరపు వెలుతురు కావాలన్నారు. స్థలమేమో ఉత్తరానికి సరిగ్గా తిరిగి లేదు. దాంతో గాజుకప్పు మొత్తాన్ని 45 డిగ్రీలు తిప్పి వేశారు. అంచుల్లో వజ్రాలు పొదిగినట్టుండే ఆ కప్పును చూడ్డానికి నేటికీ లోకం నలుమూలలనుంచీ వస్తారు. చూడండి, వాడేవాళ్ళు అడిగిన చోటే అందం పుట్టింది. అదే భవనంలో గాజు కారిందనీ, ఎండాకాలం వేడీ చలికాలం చలీ భరించలేకపోయామనీ లోపలివాళ్ళు దశాబ్దాల తరబడి మొత్తుకున్నారు. 2010 తర్వాతి సంవత్సరాల్లో వర్కుషాపు గాజుకప్పు మొత్తం మార్చవలసివచ్చింది. ఆ రూపం చెడకుండానే మార్చారు.

దీన్నిబట్టి నేను చెప్పే రెండో మాట: తప్పులున్న మంచి భవనాన్ని కూలగొట్టడం తెలివిగల పని కాదు. రిచర్డ్స్ భవనాన్ని 2009లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. అంతమాత్రాన దానికి పూజ చేసి పక్కన పెట్టలేదు. ఆసిడ్లూ ఫ్యూమ్ కప్‌బోర్డులూ అవసరమైన పనికి ఆ గదులు చాలవని తేలాక, కంప్యూటర్లతో పరిశోధన చేసేవాళ్ళకు వాటిని మరమ్మతు చేసి ఇచ్చారు. కిటికీల గాజు మార్చారు, అడ్డగోడలు తీసేశారు. అరవై ఏళ్ళ క్రితం కాన్ ఊహించుకున్న తెరిపిడి గది అప్పటి శాస్త్రజ్ఞులకు పనికిరాలేదు, ఇప్పటివాళ్ళకు పనికివచ్చింది. కూలగొట్టి ఉంటే ఈ మలుపు చూసేవాళ్ళమా?

ఈ తగాదా మన దేశానికీ వచ్చింది. అహ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ భవనాలు ఇదే లూయీ కాన్ గీసినవి. 1962లో ఆ పని మొదలైంది. 1974 మార్చిలో అహ్మదాబాదునుంచి తిరిగి వెళుతూనే న్యూయార్కు రైల్వేస్టేషనులో గుండె ఆగి చనిపోయాడాయన. 2020 డిసెంబరులో ఆ సంస్థ, 18 హాస్టలు భవనాల్లో 14 కూల్చి కొత్తవి కట్టాలనుకుంటున్నామని ప్రకటించింది. ఇటుకలు పాడయ్యాయి, గోడలు నీరు పీలుస్తున్నాయి, 2001 భూకంపంలో దెబ్బతిన్నాయి, విద్యార్థులు ఉండడానికి క్షేమం కాదు అన్నది వాళ్ళ వాదం. ప్రపంచం నలుమూలలనుంచీ ఆర్కిటెక్టులు గోలపెట్టారు. 2021 జనవరి 1న ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. 2022 నవంబరులో మళ్ళీ కదిపారు. ఇక్కడ కూడా అవే రెండు పక్షాలు. బయటనుంచి మెచ్చుకునేవాళ్ళు ఒకవైపు, లోపల నీళ్ళు కారే గదిలో పడుకునేవాళ్ళు ఇంకోవైపు. నీళ్ళు కారడం నిజమే, ఆ బాధ విద్యార్థిదే. కాని అదే ఆవరణలో, అదే ఇటుకతో కట్టిన విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయాన్ని అంతకుముందే చక్కగా బాగుచేసి, 2019లో యునెస్కో బహుమతి తెచ్చుకున్నారు. ఒకటి బాగుచేయగలిగినవాళ్ళు మిగతావి చేయలేరా? చేయలేకపోతే ఎందుకు చేయలేరో, అందులో ఉన్నవాళ్ళతోసహా అందరిముందూ లెక్క చెప్పాలి. నా అభిప్రాయం అది.

ఇక మన సంగతి. మన కాలేజీల్లో ఏభై, అరవై ఏళ్ళనాటి సైన్సు బ్లాకులకు మ్యూజియంలో ప్రదర్శన ఎవరూ పెట్టలేదు, పెట్టరు కూడా. కాని ఒక్కసారి వాటిని తలెత్తి చూడండి. ప్రతి కిటికీమీదా ఒక సన్‌షేడ్ ఉంటుంది. ఎండకూ గదికీ మధ్య వరండా ఉంటుంది. కొన్నిచోట్ల మెట్లపక్కన కాంక్రీటు జాలీ. ఫిలడెల్ఫియాలో మహాశిల్పి మరిచిపోయిన గొడుగును, పేరు కూడా తెలియని మన ఇంజనీరు మే నెల ఎండలు ఎరిగినవాడు గనక పెట్టాడు. ఆయన్ని మనం ఒక్కసారైనా తలుచుకోలేదు. అదే సమయంలో మన బ్లాకుల్లో లోటూ ఉంది. చెడ్డగాలికి వేరే దారి ఉండాలన్న ఆలోచన చాలాచోట్ల కనపడదు. గోడకు ఒక ఫ్యాను బిగించి, అది తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేనట్టు.

నాకు దిగులు కలిగించేది మాత్రం కొత్తగా లేస్తున్న భవనాలు. ముఖమంతా గాజు, పక్కలకు మెరిసే అల్యూమినియం పలకలు, లోపల ఏ.సి. ఫోటోకి బాగుంటుంది, అడ్మిషన్ల కాగితంమీద ఇంకా బాగుంటుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం రెండింటికి ఆ గాజుగదిలో టైట్రేషన్ చేస్తున్న పిల్ల గతేమిటి? 1960లో ఫిలడెల్ఫియాలో తేలిన సంగతి, దానికంటే ఎన్నో రెట్లు ఎండ కాసే మన ఊళ్ళో మళ్ళీ కొత్తగా కనిపెట్టాలా?

విద్యార్థి మిత్రులారా, అధ్యాపకులారా, పూర్వ విద్యార్థులారా! సైన్సు బ్లాకు కట్టేటప్పుడు శంకుస్థాపన రోజు మనల్ని పిలుస్తారు, ప్రారంభోత్సవం రోజు పిలుస్తారు. ప్లాను గీసే రోజు పిలవరు. విద్యార్థి సంఘం అడగవలసింది ఆ మధ్యలో పిలుపు. క్యాంటీను ధరల గురించీ, బస్సు పాసుల గురించీ గొంతు చించుకుంటాం, అవీ అడగవలసినవే. వాటితోపాటు ఇదీ అడగాలి. కొత్త ప్రయోగశాల ప్లాను మంజూరుకు వెళ్ళే ముందు పదిహేను రోజులు నోటీసు బోర్డుమీద పెట్టాలి. ఆ కమిటీలో ఒక విద్యార్థి, ఒక విద్యార్థిని, ఒక డిమాన్‌స్ట్రేటరు, ఒక అటెండరు ఉండాలి.

వాళ్ళు వేయవలసిన ప్రశ్నలకు పెద్ద చదువు అక్కరలేదు. పడమటెండ ఏ బల్లమీద పడుతుంది? ఫ్యూమ్ కప్‌బోర్డు గాలి ఎక్కడ బయటపడుతుంది, అక్కడ ఎవరి కిటికీ ఉంది? పైపు కారితే ప్లంబరు ఎక్కడ నిలబడి బాగుచేస్తాడు? ఆసిడ్ సీసాల పెట్టె స్టోరునుంచి మూడో అంతస్తుకు ఎవరు, ఏ దారిన మోస్తారు? మంట లేస్తే రెండో దారి ఏది? ఆడపిల్లల మరుగుదొడ్డి ఎన్ని మెట్లు దిగితే వస్తుంది? ఇవాళ కెమిస్ట్రీ లేబుగా ఉన్న గది ఇరవై ఏళ్ళ తర్వాత మరోదానికి పనికొస్తుందా?

నీళ్ళ ట్యాంకు పైన పెట్టమని లెస్టర్ అధ్యాపకులు అడిగింది కూడా ఇలాంటి మామూలు మాటే. ఆర్కిటెక్టులంటే నాకు గౌరవమే. ఎంతటి శిల్పి అయినా, బల్లముందు నిలబడేవాడు నోరు విప్పితేగాని తెలుసుకోలేని సంగతులు కొన్ని ఉంటాయి. భవనం లేచాక రేకు కాగితాలు అతికించుకోవడం కంటే ప్లాను కాగితంమీద ఒక గీత గీయించుకోవడం చవక. ఆ గీత గీయించవలసిన బాధ్యత మనది. వచ్చే సంవత్సరం కార్యవర్గం ఈ ఒక్క తీర్మానం పెట్టి, ప్రిన్సిపాలుగారి చేత సంతకం చేయిస్తే, మన తర్వాత ఆ బల్లల దగ్గరికి వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చాలా మేలు చేసినవాళ్ళమవుతాం.